దగ్గరగా చూపాలంటే కాస్త దూరం కావాలి

మాక్రో లెన్స్ కొనబోయేవారు బొమ్మ ఎంత పెద్దగా పడుతుందని అడుగుతారు. ముందు తేల్చుకోవాల్సింది ఎంత ఎడం నుంచి తీయాలన్నది

ఎర్రకోట వైపు నుంచి చాందినీ చౌక్‌లోకి వస్తే కూచా చౌధరి అనే ఇరుకు గల్లీ తగులుతుంది. ఫోటోగ్రాఫర్లకు అదొక సంత. ఢిల్లీ స్టూడియోలవారే కాదు, చుట్టుపక్కల రాష్ట్రాల పట్టణాల నుంచి కూడా సరుకు కోసం ఇక్కడికే వస్తారు. ఫ్లాష్‌లు, ట్రైపాడ్‌లు, పెళ్లి ఆల్బమ్‌ల అట్టలు, చేతులు మారిన కెమెరాలు, సీలు విప్పని లెన్స్‌లు అన్నీ పక్కపక్కనే. అక్కడ కౌంటర్ ముందు నిలబడి మాక్రో లెన్స్ కావాలంటే 40 మి.మీ. నుంచి 180 మి.మీ. దాకా నాలుగైదు డబ్బాలు బల్లమీదికి వస్తాయి. దాదాపు అన్నిటి మీదా 1:1 అనే అంకే ఉంటుంది. అన్నీ ఒకే పని చేసేట్టయితే ధరల్లో అంత తేడా ఎందుకన్న సందేహం ఎవరికైనా వస్తుంది. జవాబు దొరక్క చాలామంది జేబుకు సరిపోయినదాన్ని తీసుకుని ఇంటిదారి పడతారు. కొన్నాళ్లకు అది అలమరలోకి చేరుతుంది. లెన్స్ మంచిదే, తీయాలనుకున్న వస్తువుకు అది సరిపడేది కాకపోవడమే చిక్కు.

ఈ ఎంపికకు ఢిల్లీ పరిసరాల్లో సరదాను మించిన ప్రాధాన్యం ఉంది. వానలు వెలిసి చలి ముదిరేలోగా, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో, రాజధాని చుట్టూ సీతాకోకచిలుకల కాలం. దక్షిణాన అసోలా భట్టీ అభయారణ్యం, వజీరాబాద్ దగ్గర యమునా జీవవైవిధ్య పార్కు, నోయిడా అంచున ఓఖ్లా పక్షుల అభయారణ్యం, గురుగ్రామ్‌లో ఒకప్పటి గనుల నేలపై 2010 తర్వాత పెంచిన ఆరావళి జీవవైవిధ్య పార్కు, నగరం నడిబొడ్డున లోధీ గార్డెన్, సుందర్ నర్సరీ. సెలవు రోజు ఉదయం మెడలో కెమెరాలతో ఇక్కడ తిరిగేవారిలో బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు, కాలేజీ విద్యార్థులు, రిటైరైన అధికారులు కనిపిస్తారు. 2020 నుంచి సెప్టెంబరును దేశమంతటా సీతాకోకచిలుకల మాసంగా జరుపుతున్నారు. వాళ్లు తీసే ఫోటోలు ఏ జాతి ఎక్కడుందో, ఏ నెలలో కనిపించిందో చెప్పే సాక్ష్యాలుగా నిలుస్తున్నాయి.

ఒకప్పుడు ఈ సాక్ష్యానికి వల, సూది కావాల్సి వచ్చేవి. పట్టి, చంపి, అట్టకు గుచ్చితే తప్ప జాతిని నిర్ధారించేవారు కాదు. శాస్త్రవేత్తలకు ఆ అవసరం ఇప్పటికీ కొంత ఉన్నా, ఔత్సాహికులకు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో కొన్ని సీతాకోకచిలుకలూ ఉన్నాయి. అభయారణ్యంలో అనుమతి లేకుండా వల విసరడం నేరమే. వల చేసిన పని ఇప్పుడు లెన్స్ చేయాలి. చేయాలంటే ఫోటోలో ఉండాల్సిన వివరం ఉండాలి.

ఏ వివరం అన్నదానికి జిల్లేడు పొదల చుట్టూ తిరిగే ప్లెయిన్ టైగర్ మంచి ఉదాహరణ. నారింజ రంగు రెక్కలు, కొసల్లో నలుపు, అందులో తెల్లని పట్టీ. దీని గొంగళిపురుగు జిల్లేడు తిని ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పక్షులు దీని జోలికి రావు. ఆ భద్రత కోసం డనైడ్ ఎగ్‌ఫ్లై అనే వేరే జాతి ఆడది అచ్చం ఇదే వేషం కడుతుంది. నాలుగడుగుల దూరం నుంచి రెండింటికీ తేడా తెలియదు. వెనుక రెక్క మధ్యలో మూడు నాలుగు నల్లచుక్కలుంటే ప్లెయిన్ టైగర్. అవి లేకుండా రెక్క పైఅంచున ఒక్క మచ్చే ఉంటే ఎగ్‌ఫ్లై. ఫోటోలో ఆ చుక్కలు స్పష్టంగా పడకపోతే ఆ రోజు తిరిగిన తిరుగుడంతా అందమైన బొమ్మగానే మిగిలిపోతుంది, లెక్కలోకి రాదు.

అయిదు రూపాయల లెక్క

1:1 అంటే వస్తువు ఎంత ఉందో సెన్సర్ మీద దాని బింబం కూడా అంతే పడటం. దీన్ని అర్థం చేసుకోవడానికి 2011లో వచ్చిన అయిదు రూపాయల నాణెం చాలు. దాని వ్యాసం 23 మి.మీ. ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సర్ కొలత 36 × 24 మి.మీ. 1:1లో తీస్తే నాణెం ఆ ఎత్తులో సరిగ్గా ఇరుక్కుంటుంది. మామూలు ధరల్లో దొరికే కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5 × 15.6 మి.మీ. అందులో నాణెం అడ్డంగా పడుతుంది కానీ పైనా కిందా కోసుకుపోతుంది. అంటే చిన్న సెన్సర్ ఉన్నవారికి అదే లెన్స్‌తో ఫ్రేము ముందే నిండిపోతుంది.

ఇప్పుడు నాణెం స్థానంలో సీతాకోకచిలుకను ఊహించుకోవాలి. నిమ్మ, కరివేపాకు చెట్ల మీద వాలే లైమ్ బటర్‌ఫ్లై రెక్కలు చాపితే 8 సెం.మీ. దాటుతుంది. ఫుల్ ఫ్రేమ్‌లో అది పూర్తిగా పట్టాలంటే బింబం అసలు కొలతలో సగం కన్నా తక్కువ ఉండాలి. ఏపీఎస్-సీలో మూడో వంతు కూడా ఉండకూడదు. 1:1 కోసం వేలకు వేలు పోసిన వ్యక్తి ఈ సీతాకోకచిలుక ముందు ఆ సామర్థ్యంలో సగాన్ని కూడా వాడుకోడన్నమాట.

1:1 నిజంగా అవసరమయ్యేది వేరే చోట. గడ్డిలో తిరిగే గ్రాస్ జ్యువెల్ మన దేశపు అతి చిన్న సీతాకోకచిలుకల్లో ఒకటి. రెక్కలు మూసుకు కూర్చుంటే సెంటీమీటరు వెడల్పు ఉంటుందేమో. చీమలు, గెంతే సాలీళ్లు, తొలకరికి మట్టిలోంచి వచ్చే ఆరుద్ర పురుగులు కూడా ఈ కోవలోవే. ఆకు మీద ఆవగింజంత గుడ్డును పెద్దగా చూపాలంటే 1:1 కూడా చాలదు, నాలుగైదు రెట్లు కావాలి. అందుకు కానన్ 1999లో తెచ్చిన 65 మి.మీ. ఎంపీ-ఈ లాంటి ప్రత్యేక లెన్స్‌లు ఉన్నాయి. అది ఒకటి నుంచి అయిదు రెట్ల దాకానే పనిచేస్తుంది, దానితో మామూలు ఫోటోలు తీయలేరు. తొలి కొనుగోలుకు అది దారి కాదు.

బెత్తెడు, రెండు బెత్తెలు, జానెడు

డబ్బా మీద 1:1 ఒకటే అయినప్పుడు 40కీ 180కీ మధ్య అసలు తేడా ఎడం. 1:1 దగ్గర లెన్స్ ముందు గాజుకూ పురుగుకూ మధ్య మిగిలే ఖాళీని వర్కింగ్ డిస్టెన్స్ అంటారు. 40 మి.మీ. లెన్స్‌లో అది నాలుగు వేళ్ల వెడల్పు కూడా ఉండదు. 60 మి.మీ. తరగతిలో అయిదు నుంచి తొమ్మిది సెం.మీ., అంటే దాదాపు బెత్తెడు. 90 నుంచి 105 మి.మీ. వాటిలో 13 నుంచి 15 సెం.మీ., రెండు బెత్తెలు. 150, 180 మి.మీ. వాటిలో 19 నుంచి 25 సెం.మీ., అటూ ఇటూగా జానెడు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కంపెనీలు కరపత్రాల్లో అచ్చేసే 'కనీస ఫోకస్ దూరం' లెన్స్ ముందు నుంచి కొలిచింది కాదు, కెమెరా లోపలి సెన్సర్ నుంచి కొలిచింది. 100 మి.మీ. లెన్స్‌కు 30 సెం.మీ. అని రాసి ఉంటే అందులో సగం పైగా కెమెరా, లెన్స్ శరీరమే తినేస్తాయి. ఎండ పడకుండా ముందు తగిలించే హుడ్ మరికొంత మింగుతుంది. అందుకే అంకె చదివి ఊరుకోకుండా దుకాణంలోనే లెన్స్‌ను 1:1కు తిప్పి, బల్లమీద నాణెం పెట్టి, మధ్యలో ఎన్ని వేళ్లు పడతాయో చూసుకోవాలి. రెండు నిమిషాల పని.

ఆ ఖాళీకి అంత విలువ ఎందుకంటే పురుగుకు తన హద్దు తనకుంటుంది. ఆ గీత దాటి నీడ పడితే లేచిపోతుంది. ఎండెక్కాక తూనీగ అసలు ఆగదు. బెత్తెడు దూరానికి వెళితే పురుగు భయపడటమే కాదు, లెన్స్ నీడే దాని మీద పడుతుంది. ఫ్లాష్ వెలుగు చొరబడటానికి చోటుండదు. ఫోన్లలోని మాక్రో కెమెరాలకు ఉన్న కష్టం కూడా ఇదే. రెండు మూడు సెం.మీ. దగ్గరికి వెళ్లి పువ్వును, ఆకును అద్భుతంగా తీయగలవు, తూనీగ మాత్రం అంతవరకు రానివ్వదు.

అలాగని అందరూ 180 మి.మీ. వైపు పరుగెత్తనక్కర్లేదు. ఆ తరగతి లెన్స్‌లు కిలో దాటి బరువుంటాయి. అసోలా బండరాళ్ల మధ్య రెండు గంటలు చేత్తో పట్టుకుని తిరగడం భుజాలకు పరీక్షే. చెయ్యి వణికితే ఆ వణుకు బింబంలో మరింత పెద్దదవుతుంది. 600 నుంచి 750 గ్రాముల మధ్య తూగే 90-105 మి.మీ. తరగతి ఎక్కువమందికి మధ్యేమార్గంగా నిలవడానికి కారణం ఇదే. రెండు బెత్తెల ఎడం, మోయగలిగిన బరువు.

చిన్న లెన్స్‌లను తీసిపారేయాల్సిన పని కూడా లేదు. నిజానికి ఈ లెన్స్‌లు తొలినాళ్లలో పురుగుల కోసమే పుట్టినవి కావు. నికాన్ 1956లో తెచ్చిన 50 మి.మీ. మైక్రో నికోర్ వెనుక ఉన్నది కాగితాల అవసరం. గీతల మీద గీతలుండే జపనీస్ కాంజీ అక్షరాలు మైక్రోఫిల్మ్ మీద అలుక్కుపోకుండా పడాలని దాన్ని రూపొందించారు. నికాన్ ఇప్పటికీ తన మాక్రో లెన్స్‌లను మైక్రో అనే పిలుస్తుంది. ఒత్తులు, గుణింతాలతో కిక్కిరిసిన తాతల నాటి ఉత్తరాలు, తాళపత్రాలు, తపాలా బిళ్లలు, పాత పెళ్లి ఫోటోలు కాపీ తీయాలనుకునేవారికి 50-60 మి.మీ. లెన్స్ సరైన జోడు. కాగితం ఎగిరిపోదు. కెమెరాను బల్ల మీద స్టాండుకు బిగించినప్పుడు పొడవాటి లెన్స్ అయితే స్టాండు మరీ ఎత్తు కావాల్సి వస్తుంది, పొట్టిదైతే ఆ బాధ లేదు.

నోయిడాలోనో ద్వారకాలోనో ఫ్లాట్ బాల్కనీలో కరివేపాకు కుండీ పెంచుకునే తెలుగువారికీ ఇదే వర్తిస్తుంది. ఆ మొక్క మీద కామన్ మోర్మన్ లాంటి సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. లేత గొంగళిపురుగు పక్షి రెట్టలా కనిపించి శత్రువులను ఏమారుస్తుంది, ఎదిగాక ఆకుపచ్చగా మారుతుంది. దానికి పారిపోయే తొందర లేదు. బెత్తెడు ఎడం ఇచ్చే 60 మి.మీ. లెన్స్‌తోనే గుడ్డు పొదిగిన దగ్గర్నుంచి రెక్క విప్పేదాకా మొత్తం కథ తీయవచ్చు.

వస్తువులు అమ్మేవారి లెక్క మళ్లీ వేరు. కూచా చౌధరికి నడిచివెళ్లే దూరంలోనే దరీబా కలాన్ నగల బజారు ఉంది. మెరుగుపెట్టిన వెండి అద్దం లాంటిది, దగ్గరికి పోతే నగలో లెన్స్ నల్లటి నీడ కనిపిస్తుంది. కాబట్టి నగలు తీసేవారికి 100 మి.మీ. వైపే మొగ్గు. పళ్ల డాక్టర్లు కూడా అదే వాడతారు, రోగి ముఖం మీద కెమెరా మోపకుండా.

వెలుగు సంగతి

కొనేవారిని తికమకపెట్టే మరో అంకె అపెర్చర్. ఎఫ్2.8కి ఎక్కువ ధర, ఎఫ్3.5కి తక్కువ. పోర్ట్రెయిట్‌లో ఆ తేడా విలువైనదే. మాక్రోలో దాని బలం తగ్గిపోతుంది. 1:1కు చేరేసరికి సెన్సర్‌కు అందే వెలుగు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది, ఎఫ్2.8 కాస్తా ఎఫ్5.6లా పనిచేస్తుంది. పైగా ఎవరూ అంత తెరిచి తీయరు. ఫుల్ ఫ్రేమ్‌లో 1:1 దగ్గర ఎఫ్11 పెట్టినా స్పష్టంగా పడే లోతు మి.మీ.కు కాస్త ఎక్కువ, అంతే. సాలీడు కళ్లు పడితే కాళ్లు మసకబారతాయి. మరీ ఎఫ్22 దాకా మూస్తే డిఫ్రాక్షన్ వల్ల బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. కాబట్టి గరిష్ఠ అపెర్చర్ కోసం అదనంగా డబ్బు పెట్టేముందు ఆలోచించాలి.

వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ విషయంలోనూ అంతే. కానన్ 2009లో తెచ్చిన 100 మి.మీ. ఎల్ లెన్స్ మామూలు దూరాల్లో నాలుగు స్టాప్‌ల మేలు చేస్తుందని, 1:1 దగ్గర అది రెండు స్టాప్‌లకు తగ్గుతుందని కంపెనీయే చెప్పింది. అది కూడా చేతి వణుకునే ఆపుతుంది, గాలికి ఊగే గడ్డిపరకను ఆపలేదు. దాన్ని ఆపేది ఫ్లాష్. చిన్న ఫ్లాష్ ముందు బటర్ పేపర్ అడ్డుపెట్టి వెలుగును మెత్తబరిస్తే చాలు. నవంబరు నుంచి ఢిల్లీని పొగమంచు కమ్మినప్పుడు ఇది మరీ అవసరం. అయితే ఆ చలి ఉదయాలకు ఒక లాభం ఉంది. మంచు బిందువులతో తడిసిన పురుగులు ఎండ తగిలేదాకా కదల్లేవు. అప్పుడు ట్రైపాడ్ వేసి, తక్కువ ఎడమున్న లెన్స్‌తో కూడా తీయవచ్చు.

చౌకలో వచ్చే దారులు

కొత్త 100 మి.మీ. తరగతి లెన్స్ ధర మోటారు సైకిల్ ధరకు చేరువగా ఉంటుంది. అంత పెట్టేముందు ఉన్న లెన్స్‌తో ఏం చేయవచ్చో చూడాలి. కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు ఒక దారి. 50 మి.మీ. లెన్స్‌కు 25 మి.మీ. ట్యూబు వేస్తే సగం పరిమాణం వస్తుంది. ఖర్చు తక్కువే కానీ పురుగుకు బాగా దగ్గరగా వెళ్లాలి, దూరపు వస్తువు మీద ఫోకస్ కుదరదు.

సీతాకోకచిలుకలు తీసేవారికి ఇంకా మంచి ఉపాయం ఉంది. చాలామంది ఇళ్లలో 70-300 మి.మీ. జూమ్ లెన్స్ ఉంటుంది. దాని ముందు కళ్లజోడు అద్దంలా +2 డయాప్టర్ క్లోజప్ లెన్స్ బిగించి 300 దగ్గర తీస్తే బింబం 0.6 రెట్లు పడుతుంది. అంతకన్నా ముఖ్యం, లెన్స్‌ను ఇన్ఫినిటీ దగ్గర ఉంచినప్పుడు ఎడం అర మీటరు. లైమ్ బటర్‌ఫ్లైకి కావాల్సిన పరిమాణానికి ఇది ఎక్కువే, దాని హద్దుకు ఇది గౌరవమే. ఒంటి గాజు చౌక రకం అంచుల్లో రంగులు చిమ్ముతుంది కాబట్టి రెండు గాజులు అతికించిన అక్రోమాట్ రకమే తీసుకోవాలి. అలాగే జూమ్ లెన్స్‌ల మీద 'మాక్రో' అని అచ్చేసి ఉంటే 1:1 అనుకోకూడదు. చాలావాటిలో అది సగమో, నాలుగో వంతో ఉంటుంది.

చేతులు మారిన లెన్స్‌లు మూడో దారి. చాలామంది డీఎస్ఎల్ఆర్‌ల నుంచి మిర్రర్‌లెస్‌కు మారడంతో పాత మాక్రో లెన్స్‌లు విరివిగా దొరుకుతున్నాయి. నికాన్ 2006లో తెచ్చిన 105 మి.మీ. వీఆర్ మైక్రో, టామ్రాన్ 90 మి.మీ. లాంటివి ఇప్పటికీ దిట్టమైన పనిముట్లే. చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక పక్క నుంచి టార్చ్ వేసి మరో పక్క నుంచి చూస్తే గాజు లోపల సాలెగూడులాంటి పోగులు కనిపించకూడదు. అది ఫంగస్, తేమ ఎక్కువుండే విశాఖ, చెన్నై లాంటి తీరప్రాంతాల నుంచి వచ్చిన లెన్స్‌లను మరింత జాగ్రత్తగా చూడాలి. ఢిల్లీ లెన్స్‌ల్లో దుమ్ము సంగతి చూసుకోవాలి, ఫోకస్ రింగు తిప్పితే ఇసుక రాసుకున్నట్టు ఉండకూడదు. సొంత మోటారు లేని పాత ఆటోఫోకస్ లెన్స్‌లు కొన్ని కొత్త కెమెరాల మీద చేత్తోనే ఫోకస్ చేయాల్సి వస్తాయి. మిగతా ఫోటోగ్రఫీలో అది లోపం. మాక్రోలో మాత్రం చెయ్యి తిరిగినవారు ఫోకస్ రింగును ఒకచోట ఉంచి, ఒళ్లు ముందుకూ వెనక్కూ ఊగిస్తూ తీస్తారు. ఆ కారణంగా ధర తగ్గితే అది కొనేవారికి లాభమే. చివరగా బిల్లు. 'బిల్లుతోనా, బిల్లు లేకుండానా' అని దుకాణదారు అడిగితే తగ్గే మొత్తంతో పాటు వారంటీ కూడా పోతుందని గుర్తుంచుకోవాలి.

హద్దు దాటకుండా

ఎడమున్న లెన్స్ వల్ల ఒరిగే ఇంకో మేలు పురుగుకే. దగ్గరికి పోవాల్సిన అవసరం పెరిగేకొద్దీ తప్పుదారులూ పెరుగుతాయి. కదలకుండా ఉండాలని పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చడం, కొమ్మ తుంచి వెలుగులోకి తేవడం, ఫోటో కోసం పొద తొక్కేయడం. అలా వచ్చిన బొమ్మ పోటీలో గెలవవచ్చేమో కానీ ఏ జాతి ఎక్కడ ఎలా బతుకుతోందన్న ప్రశ్నకు అది అబద్ధపు జవాబు. కూర్చున్న చోటే కూర్చోనిచ్చి, రెక్కకు సమాంతరంగా కెమెరా పట్టి తీసిన సాదా ఫోటో అంతకన్నా విలువైనది.

కాబట్టి దుకాణానికి వెళ్లేముందు ఓ రెండు ఆదివారాలు ఖర్చు పెట్టడం మంచిది. ఉన్న కెమెరాతోనో, వట్టి చేతులతోనో పార్కుకు వెళ్లి, తీయాలనుకున్న జీవి ఎంత ఉందో, ఎంత దగ్గరికి రానిస్తోందో చూసి రాసుకోవాలి. ఉత్తరాలు, నాణేలు, కుండీలోని గొంగళిపురుగైతే 60 మి.మీ. సీతాకోకచిలుకలే అయితే జూమ్‌కు క్లోజప్ లెన్స్. అన్నీ కొంచెం కొంచెమైతే 100 మి.మీ. తరగతి. తూనీగల వెంటే తిరుగుతామంటే, మోసే ఓపిక ఉంటే 150 లేదా 180. ఆ కాగితం చేతిలో ఉంటే కౌంటర్ మీద ఎన్ని డబ్బాలు తెరిచి పెట్టినా కంగారు ఉండదు.